పిడికిలి మూట

ఏడో కుండ వారం

పొద్దున్న రెండు కాటాలూ సమం. అద్దం అవతల పోసిన చోడిగింజలు వేడికి పొడైపోతున్నాయి, మార్చాలి. చేతుల గది తలుపుకి పాత రంగు గీకుతున్నారు. ఇంతకు మించి రాయడానికేమీ లేదు. కాని "కూసింత ఇవరంగా రాయమ్మా, రేపు పుట్టబోయేవోళ్లు సదువుకుంటారు" అని మా బావ దాలినాయుడు హుకుం. ఆయన మా ఆయనకి అన్న, ద్వారానికి, అంటే ఈ చేతుల గది పనంతటికీ, పెద్ద. రేపు పుట్టబోయేవాళ్లకి ఇంతకన్న మంచి చదువు దొరకాలని కోరుకుంటూ రాస్తున్నాను.

వేడిగదిలో పన్నెండు కుండలున్నాయి. కొండ లోపల మా వీధుల్లో వెలుతురు, చోళ్లు పండే మడులు, పిల్లల స్నానాలకి వేణ్ణీళ్లు, అన్నీ వాటి మీదే. వారానికొక కుండని నీళ్లలో ఒక పక్క నుంచి రెండో పక్కకి తిప్పాలి. తిప్పకపోతే అడుగు కాగి చిల్లు పడుతుంది. మనిషి లోపలికి వెళ్తే తిరిగి రాడు. అందుకని మూరెడు మందం అద్దానికి ఇవతల, చేతుల గదిలో, మా ఆయన అప్పలసూరి తొడుగులో చెయ్యి పెట్టి వేళ్లు కదుపుతాడు. అవతల ఇనపచెయ్యి అలాగే కదులుతుంది. ఇనపచేతికి తగిలిన బరువు తొడుగులో ఆయన వేళ్లకీ తెలుస్తుంది.

నా పని తూచడం. కుండ ముట్టుకునే ముందు ఆయన వట్టిచేత్తో గంపలోంచి పిడికెడు చోళ్లు తీసి ఇవతలి కాటాలో పోస్తాడు. తరవాత తొడుగు వేసుకుని, ఇనపచేత్తో పిడికెడు తీసి అవతలి కాటాలో పోస్తాడు. రెండు ముళ్లూ ఒకే గీత మీద నిలిస్తే నేను "సమం" అని కేకేస్తాను, పని మొదలు. ఏ గీత మీద నిలిచాయన్నది ఎవరికీ పట్టదు. గీతల పక్క అంకెలు మా అమ్మ కాలానికే చెరిగిపోయాయి.

కొత్తగా పనిలోకి వచ్చినవాళ్లకి సమం కుదరదు. అలాంటివాళ్లకి చేతికట్టు కడతాం. వేళ్లకి గుడ్డపీలిక చుట్టి, ఇనపచెయ్యి ఎంత పడుతుందో అంతే పట్టేదాకా దిద్దుతాం. మా ఆయన కట్టు పెళ్లికి ముందే విప్పేశారు. "ఇనపచెయ్యిలాటి చెయ్యి" అంటే మా దగ్గర అంతకన్న పెద్ద మెప్పు లేదు.

రంగు గీకుతుంటే తలుపు మీద ఇంగ్లీషు అక్షరాలు బయటపడ్డాయి. బడిలో ఇంగ్లీషు చెప్పే కూర్మారావు మాస్టారు కూడబలుక్కుని 'మానిప్యులేటర్' అని చదివారు. మాట్లాడుకోవడానికి మనిషి లేని భాషని ఆయన ఇప్పటికీ ఇష్టంగా చెప్తారు. దాని బదులు తెలుగు మాట ఒకటి రాయించాలని బావ పట్టుదల. "చెయ్యి అని రాయించెయ్యండి" అన్నాను. "సెయ్యి అనడానికి ఇంత పొడుగు మాటెందుకు పెట్టుకుంటారమ్మా" అని మాస్టారు తన పాత నిఘంటువు వెతకడానికి వెళ్లారు.

ఎనిమిదో కుండ వారం

సమం.

అంబలి పలచగా ఉంది. చేతుల గది సంగతుల్లో రాయాల్సింది కాదని తెలుసు. కాని ఈ వారం నా బుర్రలో ఉన్నది అదే.

ఇనపచెయ్యి నడిపే చేతులవాడి ఇంట్లో పిండి ఆయన పిడికిలితోనే కొలవాలి. అది గౌరవం. మా ఆయన పూటకి నాలుగు పిడికిళ్లు వేస్తాడు, నేను అదే చెంబుతో నీళ్లు పోస్తాను. పెళ్లయిన దగ్గర్నుంచీ ఇదే లెక్క.

"మావా, పిండి సరీగా ఎయ్యి. నీళ్లు తాగినట్టుంది" అన్నాను.

"నాలుగేసేను. ఎప్పుడూ ఏసేదే."

"నాలుగేస్తే గరిటి నిలబడాల. ఇది సూడు, ములిగిపోతంది."

"అయితే నీళ్లెక్కువోసేవు. నీ సెయ్యికేటి, కట్టు కట్టేరా, కొలతుందా" అని నవ్వాడు.

ముందు పిండిమర వాళ్లని తిట్టాను. తరవాత చోళ్లని తిట్టాను. ఆ రెండూ అయ్యాక మర్నాడు ఆయన పిండి తీస్తుంటే పక్కన కూచుని చూశాను. గుప్పిట ముందు విచ్చుకోవాలి కదా, అప్పుడే పిండి పడుతుంది. ఆయన వేళ్లు సగం విచ్చి ఆగిపోయాయి. ఆ సగంతోనే పిండి తీసి, నిండా తీసినవాడిలా ధీమాగా కుండలో వేశాడు.

ఆ మాటే అన్నాను. ఆయనకి కోపం వచ్చింది. "పొద్దున నువ్వే కదేటి, సమం అని అరిసినావు" అన్నాడు.

పొయ్యి మీద వేలాడుతున్న మూట వంక చూస్తూ అంబలి తాగేశాను.

ఆ మూట సంగతి కూడా రాయాలి. పెళ్లిలో చేతులవాడు కుడిచేత్తో పిడికెడు చోళ్లు తీసి పెళ్లికూతురి కొంగులో పోస్తాడు. వాటిని గుడ్డలో ముడేసి పొయ్యి పైన కడతాం. పొగకి పురుగు పట్టదు. ఆయన పోయిననాడు భార్య ఆ ముడి విప్పి గింజలు మడిలో జల్లుతుంది. మనిషి బతికుండగా విప్పడం అంటే ఏమిటో నేను రాయక్కర్లేదు.

తొమ్మిదో కుండ వారం

సమం. తెల్లారి లేచేసరికి నా మణికట్టు ఆయన పిడికిట్లో ఉంది. విడిపించుకోవడానికి నూనె రాసి ఒక్కో వేలూ తియ్యాల్సి వచ్చింది. ఆయనకి ఏమీ తెలియదు. నల్లగా కమిలిన చోట పసుపు పెట్టుకుని పనికి వచ్చాను.

మాస్టారు నిఘంటువు చంకన పెట్టుకుని వచ్చారు. ముఖం చూస్తే పెళ్లిసంబంధం కుదిర్చినంత సంబరంగా ఉంది.

"వరాలూ, ఇది ఇంగ్లీషువోళ్లదీ కాదమ్మా. లాటిన్ అని అంతకన్న పాత బాస. అందులో సెయ్యి నిండినంత అని అర్దం. మన పిడికెడే."

"ఈ కాటాలో పోసే పిడికెడా?"

"అదే. పిడికెడు గడ్డికట్టకీ ఆ మాటే. ఆ కట్టని కర్రకి కట్టి, దానెనకాల నడిసే సిపాయిల గుంపుకీ అదే పేరెట్టేరని సెప్తారు. తరవాత్తరవాత మందులు నూరీవోళ్లు పిడికెడు ఆకు, పిడికెడు గింజలు అని కొలిసేవోరు. ఆ కొలతకీ అదే మాట. అక్కణ్ణించి సామాను నేర్పుగా సేత్తో వాడ్డానికొచ్చింది. ఆకర్న ఈ యంత్రానికి. పనోళ్లు దీన్ని ముద్దుపేరెట్టి కూడా పిలిచేవోరట. ఏదో కతలో ఒంట్లో సత్తువ లేనోడు తనకి బదులు పెద్ద పెద్ద సేతులు సేయించుకున్నాట్ట. ఆ ముద్దుపేరు ఆడిదే."

నాకు సంతోషం వేసింది. మా తాతలు ఊరికే చోళ్లు పట్టించలేదు. మాటకి మూలమేదో తెలిసే, ఆ మూలం నుంచే పని మొదలుపెట్టమన్నారు. ఆ మాటే అంటే మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇంకో అర్దం కూడా ఉందమ్మా. మనిషిని మనిషి, ఆడికి తెలీకండా, తన ఇష్టానికి తిప్పుకోడం. ఆకరికి ఆ మాట అక్కడికి సేరింది."

ఆయన వెళ్లాక తొడుగు దిమ్మె మీద రంగు గీకేవాళ్లు నన్ను పిలిచారు. పొరలు పొరలుగా ఉన్న రంగు కింద ఒక మరచీల దొరికింది. దాని పక్కన ఇత్తడి మీద రెండు చేతుల బొమ్మలు చెక్కి ఉన్నాయి. ఒకటి మనిషిది, ఒకటి ఇనపది. మనిషి చేతి నుంచి ఇనపచేతి వైపు ఒక బాణం గుర్తు.

మనిషి చెయ్యి ఎంతో అంతకి, ఈ మరచీల తిప్పి ఇనపచేతిని సరిచెయ్యమని దీన్ని చేసినవాళ్లు చెప్పారు. మేం దాని మీద రంగు వేసి, మనుషుల వేళ్లకి గుడ్డలు చుట్టుకుంటూ వచ్చాం.

పదో కుండ వారం

సమం.

కుండ తిప్పి పెట్టాక దాని మెడ దగ్గర నొక్కు కనపడింది. నాలుగు వేళ్లూ బొటనవేలూ ముద్ర పడినట్టుంది. "ఎంత మెల్లగా పట్టేనో నాకు తెల్సు" అన్నాడు మా ఆయన. నిజమే. ఆయన మెల్లగానే పట్టాడు. ఆయనకిప్పుడు మెల్ల అంటే అంతే.

తిన్నగా బావ దగ్గరికి వెళ్లాను. చెప్పాల్సిందంతా చెప్పాను. లోపల వేడికి ఇనపచేతి తీగలు కుదించుకుపోతున్నాయి, చెయ్యి ముడుచుకుంటోంది. తొడుగు ఆ ముడుచుకోవడాన్ని తెచ్చి ఈయన వేళ్లకి నేర్పుతోంది. ఇద్దరూ కలిసి ముడుచుకుంటున్నారు కాబట్టి కాటాలు సమంగానే ఉంటాయి. పన్నెండోది అన్నిటికన్న పాత కుండ, గోడ పల్చబడిపోయింది, దాన్ని ఈ పట్టు పడితే పగులుతుంది. పగిలితే కొండ లోపల ఒక్కరూ మిగలరు.

బావ మంచివాడే. శ్రద్ధగా విన్నాడు.

"కాటా సమంగున్నాదా లేదా?"

"ఉన్నాది బావా. అదే నాను సెప్పీది."

"మీ ఇంటి అంబలి పలసనయిందని ద్వారం మూసీమంటావా? తాతల్నాటి కాటాని కాదని, మీ గరిటిని నమ్మమంటావా?"

"మాస్టారి సేత పిడికెడు తీయించి సూడు. ఎంత తేడా వస్తదో."

"ఆయన సేతికి కట్టు కట్నేదు. తేడా రాకేటవుద్ది?" అన్నాడు. అది కూడా నిజమే. నేర్చుకుంటున్న కుర్రాళ్లిద్దరివీ దిద్దిన చేతులే, వాళ్ల పిడికిలీ సమమే. కొండలో ఎవరి చెయ్యి చూపించినా ఒక వంక ఉంది. మా ఆయన చెయ్యి ఒకప్పుడు ఎంత పట్టేదో చెప్పగలిగింది కొండ మొత్తానికి ఒక్కటే, అది మా పొయ్యి మీద వేలాడుతోంది.

నాకు భయం వేసింది. ఇంటికి వచ్చి అంబలి కాచి, తలెత్తకుండా తిని పడుకున్నాను.

పదకొండో కుండ వారం

సమం. కుండ మెడ మీద ఇంకా లోతు నొక్కు.

వారమంతా ఆలోచించాను. ముందు ఆయనకే చెప్పి విప్పుదామనుకున్నాను. చెప్తే విప్పనివ్వడు. నేనయినా విప్పనిచ్చేదాన్ని కాదు. ఆయన మంచి మనిషి, నా మీద ఎప్పుడూ చెయ్యెత్తనివాడు. నిన్న చెంబు పట్టుకుంటే అంచు వంకరపోయింది. అది చూసి ఆయనే గమ్మున పక్కకి పెట్టి, నాకు కనపడకుండా పంచె కప్పాడు. ఆ పంచె కప్పడం చూశాక ఇంక ఆగలేకపోయాను.

కుండ తిప్పడం చూడ్డానికి బావ, పెద్దలు, మాస్టారు అందరూ ఉన్నప్పుడు మూట కొంగులో పెట్టుకుని వెళ్లాను. కుండ తిప్పడం అయ్యేసరికి, ముందు ఆయన వట్టిచేత్తో పోసిన పిడికెడు ఇంకా ఇవతలి కాటాలోనే ఉంది. ముల్లు ఎప్పటి గీత మీదే నిలిచి ఉంది. ఆ గింజలు తీసేసి, అందరి ఎదురుగా ముడి విప్పాను. పొగచూరిన గుడ్డ, ముడి బిగుసుకుపోయి పళ్లతో లాగాల్సి వచ్చింది.

పెద్దల్లో ఒకాయన తల మీది తువ్వాలు తీసేశాడు, శవం ఎదురుగా తీసినట్టు.

గింజలు కాటాలో పోశాను. ఎండి తేలికైన గింజలే. అయినా ముల్లు ఇందాకటి గీత దాటి, దానికి రెట్టింపు దూరం పోయి ఆగింది.

"పెళ్లినాడు ఈ సెయ్యి ఇంత పట్టింది. ఆనాడూ కాటాలు సమమే బావా. ఇవాళా సమమే" అన్నాను.

బావ ముల్లు వంక చూశాడు, తమ్ముడి చేతి వంక చూశాడు. తరవాత నేల మీద చతికిలబడ్డాడు. నేను గెలిచాను. అంత దిక్కుమాలిన గెలుపు నా ఎరుకలో ఇంకొకటి లేదు.

మా ఆయన తొడుగు తీసి దిమ్మె మీద పెట్టాడు. "నా మూట ఇప్పీసినావే" అన్నాడు, అంతే.

బతికుండగా ఎవరి మూట విప్పితే ఆ మనిషి పోయినట్టే లెక్క, చేతుల గదిలోకి రానివ్వరు. పేరు పెట్టి పిలవరు. పంక్తిలో కూచోబెట్టరు. నా మొగుడు వీధి చివర నీళ్ల తూము దగ్గరికి వెళ్లి కూచున్నాడు. అన్నం తీసుకువెళ్తే ముఖం తిప్పుకున్నాడు. ఏడుస్తూ ఇంటికి వచ్చాను, ఏడ్చానని రాయడానికి నాకేం సిగ్గు లేదు.

పన్నెండో కుండ వారం

సమం కాదు.

ఈ మాట రాయడం ఇదే మొదటిసారి. కట్టు ఎరగని చెయ్యి, ఇనపచేతి పని రోజూ చూసిన కళ్లు, రెండూ ఉన్నది నేను ఒక్కదాన్నే. అందుకని తొడుగు నాకు వేశారు. నా వట్టిచేతి పిడికెడు ఇవతల పోశాను. ఇనపచేతి పిడికెడు అవతల పోస్తే ముల్లు సగం దూరం కూడా రాలేదు. బావ స్వయంగా మరచీల దగ్గర కూచున్నాడు. ఆయన ఒక్కో చుట్టూ తిప్పుతుంటే అద్దం అవతల ఇనపవేళ్లు కిర్రుమంటూ విచ్చుకున్నాయి. రెండు ముళ్లూ ఒక గీత మీదికి వచ్చేదాకా తిప్పాడు. ఇప్పుడు కాటా తూచడం మాస్టారి వంతు. ఆయన "సమం" అన్న తరవాతే కుండ ముట్టుకున్నాను.

తొడుగు లోపల వెచ్చగా ఉంటుందని నాకు తెలియదు. ఆయన చెయ్యి ఇన్నేళ్లు ఉన్న చోటు. పన్నెండో కుండ పల్చటి గోడ నా వేళ్లకి తెలిసింది, ఉడికిన గుడ్డు పెంకులా. చంటిపిల్లని నీళ్లు పోసి బోర్లా తిప్పినట్టు తిప్పి పెట్టాను. నొక్కు పడలేదు. బయట వీధిలో జనం కేకలేశారు.

ఇక నుంచి రోజూ పొద్దున్నే మరచీల తిప్పి ఇనపచేతినే మనిషికి సరిచెయ్యాలని బావ ఆజ్ఞ. తలుపు మీద 'పిడికిలి' అని రాయించారు. ఆచారం ప్రకారం నా పిడికెడు చోళ్లు కూడా మూటకట్టి మా పొయ్యి మీద వేలాడదీశారు. పాత మేకు ఖాళీగానే ఉంది.

మళ్లీ మొదటి కుండ వారం

బావ మరచీల తిప్పాడు, సమం అయింది. కుండ తిప్పాను.

ఆయన ఇంటికి వచ్చాడు. నేనే వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకువచ్చాను. "నన్ను పిలవడానికి పేరు లేదు కదేటి" అన్నాడు. "మావా అని పిలుస్తాను, అది పేరు కాదు కదా" అన్నాను. ఎన్నాళ్లకో కొంచెం నవ్వాడు. కుడిచెయ్యి మాత్రం ఇంకా విచ్చుకోవడం లేదు. రోజూ నూనె రాసి వేళ్లు చాపుతున్నాను. ఇప్పుడు చేతులమనిషిని నేను కాబట్టి పిండి నా పిడికిలితో కొలవాలి. ఆయన ఎడంచేత్తో గరిటె తిప్పుతాడు. అంబలి చిక్కగా ఉంది, గరిటె నిలబడింది. కడుపునిండా తిన్నాం.

మూడో కుండ వారం

సమం. పనికి నా చెయ్యి అలవాటు పడింది. మొదట్లో సాయంత్రానికి భుజం లాగేసేది, ఇప్పుడు లేదు. నీ చెయ్యి సాఫీగా పోతోందని అందరూ అంటున్నారు. వింటే బాగుంది. మరచీల తిప్పే పని కూడా తేలికైందని బావ అన్నాడు, మొదటి రోజుల్లో చుట్లకి చుట్లు తిప్పాల్సి వచ్చేదట, ఇప్పుడు ఇంత చాలట.

అయిదో కుండ వారం

పొద్దున్న రెండు కాటాలూ సమం. బావ మరచీల మీద చెయ్యి వేసేలోపే సమం.

"ఇవాళ తిప్పక్కర్నేదమ్మా" అన్నాడు బావ. "నిన్నా అక్కర్నేకపోయింది. దారిలో పడ్డాదిది." ఆయన ముఖంలో అంత నిశ్చింత ఈ మధ్య చూడలేదు. మాస్టారు కాటా దగ్గర్నుంచి నన్ను చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నేను కుండ తిప్పి, తొడుగు తీసి, ఇంటికి వచ్చేశాను.

మరచీల తిప్పనిదే ఇనపచెయ్యి విచ్చుకోదు. అది నాకు తెలుసు. దారి పొడుగునా ఆ ఒక్క మాటా అనుకోకుండా ఉండడానికి, వీధిలో ఎదురైనవాళ్లందరినీ పేరుపేరునా పలకరించుకుంటూ వచ్చాను.

పొయ్యి వెలిగించాను. నాలుగు పిడికిళ్లు పిండి వేశాను, చెంబుతో నీళ్లు పోశాను. ఆయన ఎడంచేత్తో గరిటె తిప్పుతూ తిప్పుతూ ఆగాడు. గరిటె వదిలేశాడు. అది నిలబడలేదు.

"పిండెన్నేసేవే?"

"నాలుగు. ఎప్పుడూ ఏసేదే" అన్నాను.

ఆయన నా కుడిచెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకున్నాడు. వేళ్లు చాపడానికి చూశాడు. సగం చాపాక అవి ఆగాయి. తరవాత లేచి, పొయ్యి పక్కనున్న పీట జరుపుకుని, దాని మీదికెక్కి నా మూట అందుకున్నాడు.

వద్దనడానికి నోరు తెరిచాను. ఆయన ముడుచుకుపోయిన చెయ్యి ముడి మీద పట్టు దొరక్క జారిపోతోంది. నేను లేచి వెళ్లి, దీపం దగ్గరగా పట్టుకున్నాను.